డే కేర్ అంటే ఏంది? పొద్దున పోయి, సాయంత్రం ఇంటికి

మన మక్తల్‌లో మానసిక చికిత్స మాటెత్తితే, "పిచ్చాసుపత్రిలో వేస్తరా?" అని భయపడతారు. డే కేర్ అట్లా కాదు. పొద్దున పోతారు, సాయంత్రం ఇంటికొస్తారు. సాధారణంగా కొన్ని వారాలు నడుస్తుంది.

రోజంతా ఏం చేయిస్తారు? డాక్టర్ మందుల ప్రభావం చూస్తారు. విడిగా కౌన్సెలింగ్, గ్రూపులో మాట్లాడటం, ఏదైనా చేతిపని ఉంటాయి. గ్రూపులో మొదటిరోజే అన్నీ చెప్పక్కర్లేదు, విన్నా చాలు. మొదట్లో అలసట మామూలే.

రాత్రి ఇంట్లోనే కాబట్టి సగం చికిత్స ఇంటివాళ్ల చేతిలోనే ఉంటుంది. వేళకు మందులు, వేళకు నిద్ర, సూటిపోటి మాటలు వద్దు.

చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం డే కేర్ సరిపోదు. డాక్టర్‌కు దాచొద్దు, మనిషిని ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి డే కేర్ ఉంది. మక్తల్ నుంచి రోజూ పోయిరాలేం, అక్కడ ఉండటానికి చోటు ముందే చూసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ సేవ ఇది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ వీడియో అవసరమున్న ఇంటికి పంపండి. ఉంటా.