కొన్నది 3200... నడిచేది 2133!

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి మరీ కొన్న ర్యామ్ అది. పెట్టె మీద పెద్దక్షరాలతో 3200 అని ఉంది. ఇంటికి తెచ్చి బిగించి, విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే... 2133! దుకాణంవాడు మోసం చేశాడనే అనుమానం ముందొస్తుంది. చాలాసార్లు పాపం, అతని తప్పేమీ ఉండదు. డబ్బిచ్చి కొన్న వేగం ఆ ర్యామ్‌లోనే ఉంది. దాన్ని నిద్రలేపినవాళ్లే లేరు!

మెమరీకి ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్. ప్రతి ర్యామ్ మీదా ఎస్‌పీడీ అనే బుల్లి చిప్ ఉంటుంది. ర్యామ్ జాతకమంతా అందులోనే! కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు దాన్ని చదివి, పేచీ లేకుండా పనిచేసే జెడెక్ వేగాన్ని ఎంచుకుంటుంది. డీడీఆర్4లో అది తరచూ 2133, 2400 లేదా 2666. డీడీఆర్5లో ఎక్కువగా 4800. పెట్టె మీద కనిపించేది మాత్రం తయారీదారు విడిగా పరీక్షించి రాసిన వేగం. దానికి కావాల్సిన టైమింగులు, వోల్టేజీ కూడా ఆ చిప్‌లోనే ఇంకోచోట ఉంటాయి. ఇంటెల్ 2007లో తెచ్చిన ఈ ఏర్పాటు పేరు ఎక్స్ఎంపీ. డీడీఆర్5 కోసం ఏఎండీ 2022లో ‘ఎక్స్‌పో’ తెచ్చింది.

నిద్రలేపడం నిమిషం పని. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే బయోస్ వస్తుంది. అందులో ఎక్స్ఎంపీ అనో, ఎక్స్‌పో అనో, కొన్ని ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ అనో ఉన్నదాన్ని ఎంచుకుని సేవ్ చేయాలి. అంతే! డీడీఆర్5 అయితే తర్వాత తెర కాసేపు నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి స్విచ్ కట్టేయకూడదు... మెమరీ తనను తాను సర్దుకుంటోందన్నమాట.

సీపీయూ-జడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో 1600 అని కనిపిస్తే మళ్లీ గుండె జారుతుంది. అదీ సరైన లెక్కే. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1600ను రెట్టింపు చేసుకోవాలి.

ఇంతకీ లాభమెంత? ఒక ర్యామ్ 2133లో సెకనుకు సుమారు 17 గిగాబైట్లు మోయగలిగితే, 3200లో 25.6 గిగాబైట్లు మోస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకునేవారికి తేడా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలాడే పిల్లలకు మాత్రం బాగా తెలుస్తుంది. అలాంటివాళ్లు 16 జీబీ ఒక్కటి కొనే బదులు 8 జీబీవి రెండు కొని, మాన్యువల్ చెప్పిన స్లాట్లలో పెట్టుకుంటే ఇంకా మంచిది.

అన్ని కంప్యూటర్లలోనూ ఈ వేగం కుదరదు. చవక మదర్‌బోర్డులు కొన్ని పరిమితి దాటనివ్వవు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షనే ఉండదు. వేర్వేరు కంపెనీల ర్యామ్‌లు కలిపినా, నాలుగు స్లాట్లూ నింపినా మొండికేయొచ్చు. పైగా జెడెక్ హద్దు దాటాక ఇంటెల్ దాన్ని ఓవర్‌క్లాకింగ్‌గానే లెక్కగడుతుంది. డీడీఆర్4 వోల్టేజీ సాధారణంగా 1.2 నుంచి 1.35కు పెరుగుతుంది.

కంప్యూటర్ ఆగిపోతే పర్లేదు, తెలుస్తుంది. ఆగకుండానే తప్పులు చేస్తే కష్టం. పెళ్లి ఫొటోలు కాపీ చేస్తుంటే మధ్యలో ఒక బిట్ తారుమారై, ఆ ఫొటో మరెప్పుడో తెరిచేదాకా బయటపడదు! అందుకే వేగం మార్చిన రాత్రి మెమ్‌టెస్ట్86 నడిపి చూడాలి. ఒక్క తప్పు చూపినా వేగం ఓ మెట్టు దించాల్సిందే. అసలు తెరే రాకపోతే కరెంటు తీసి, మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటపెడితే చాలు. బయోస్ పాత 2133కే తిరిగొస్తుంది.