ఆయిల్ సీల్ చేసే గమ్మత్తు

బండి కింద మరక కనబడితే ముందు ముక్కుకి పని చెప్పాలర్రా. వేలితో కాస్త అద్ది వాసన చూడండి. ఇంజన్ ఆయిల్ అయితే మాడిన నూనె వాసన. గేర్ ఆయిల్ అయితే కుళ్ళిన గుడ్డు కంపు, చొక్కాకి అంటిందంటే ఒక ఉతుకుకి వదలదు. ఆ కంపు గుప్పుమని, మరక కూడా వెనక చక్రాల మధ్య ఉందంటే, కారుతున్నది డిఫరెన్షియలేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

మన పెద్దబాబు అమెరికాలో పాత మాజ్డా మియాటా ఒకటి కొన్నాడు కదా, దానికి సరిగ్గా ఇదే వచ్చింది. జపాన్‌లోని హిరోషిమాలో తయారైన రెండు సీట్ల బుజ్జి స్పోర్ట్స్ కారు అది. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి జనానికి చూపించారు. పైన మడిచేసే గుడ్డ టాపు, ముందు ఇంజను, బండిని తోసేవి మాత్రం వెనక చక్రాలు. మొన్న వాడు దాని కింద పడుకుని ఫోన్లో చూపించాడు. యాక్సిల్ డిఫరెన్షియల్‌లోకి దూరే చోట చుట్టూ నల్లటి జిడ్డు, దానిమీద దుమ్ము అట్టకట్టి ఉంది, కింది అంచున ఒక చుక్క వేలాడుతోంది. "ఆయిల్ సీల్ పోయింది తాతయ్యా, మార్చేస్తా" అన్నాడు. మార్చు నాన్నా, అదేం పని చేస్తోందో తెలుసుకుని మరీ మార్చు అన్నాను. ఆ కబురే మీకూ చెబుతా.

సీల్ కన్నా ముందు డిఫరెన్షియల్ ఎందుకో తెలియాలి, మీరిద్దరూ లేవండి. చేతులు చాచి పట్టుకుని, వరస చెదరకుండా ఆ వేపచెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి రండి. చూశారా, లోపలి వైపున్న బుజ్జి తీరిగ్గా నడిచింది, బయటున్న చిన్నా పరిగెత్తాడు. మీ మధ్య దూరం మీటరనుకుంటే, బయటివాడు ఆరు మీటర్ల పైచిలుకు ఎక్కువ నడిచాడన్నమాట. చెట్టు లావుదైనా సన్నదైనా, ఆఖరికి ఊరచెరువు చుట్టూ గుండ్రంగా తిరిగొచ్చినా ఆ తేడా అంతే! నాకు ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా ముచ్చటే. మియాటా వెనక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్ల చిల్లర, కాబట్టి బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం దాదాపు 9 మీటర్లు ఎక్కువ దొర్లాలి. ఎద్దుబండికి ఈ బెడద లేదు, దాని చక్రాలు ఇరుసుమీద దేనికది తిరుగుతాయి. ఇంజనే రెండు చక్రాల్నీ తిప్పాల్సి వచ్చినప్పుడు కదా చిక్కు! 1820ల్లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే ఆయన ఆవిరిబండి కోసం ఆ చిక్కు విప్పాడు. రెండు చక్రాలకీ బలం పంచుతూనే, ఒకటి నెమ్మదిస్తే ఆ మిగిలిన తిరుగుడు రెండోదానికి ఇచ్చేలా పళ్ళ చక్రాలు అమర్చాడు. అదే డిఫరెన్షియల్.

ఇంజన్ వైపునుంచి వచ్చే చిన్న పళ్ళ చక్రం పినియన్, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్ వీల్. తొలి మియాటాలో పినియన్ 4.3 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 900 చుట్లు దాటితే, పినియన్ 3,900 దాటుతుంది. పైగా పినియన్‌ని క్రౌన్ వీల్ నడిమి గీతకన్నా కాస్త కిందకి దించి పెడతారు. దానివల్ల పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పక్కకి తప్పుకుంటుంది. అందుకని గేర్ ఆయిల్లో గంధకం కలిసిన పదార్థాలు వేస్తారు. పంటి కొస వేడెక్కిన చోట అవి ఉక్కుతో కలిసి పలచటి పొర కడతాయి, ఉక్కుని ఉక్కు కొరుక్కోకుండా కాస్తాయి. ఇందాకటి కంపు ఆ గంధకానిదే!

ఇక సీల్. అరచేతిలో పట్టే రింగు. బయట ఇనప చుట్టు, లోపల రబ్బరు పెదవి, పెదవి వెనక గాడిలో సన్నటి స్ప్రింగు ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. ఒకప్పుడు ఈ పెదవి తోలుతో చేసేవాళ్ళు. జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోళ్ళు శుద్ధిచేసే ఫ్రాయిడెన్‌బర్గ్ వాళ్ళు 1929లో తోలు సీళ్ళు చేయడం మొదలుపెట్టారు, తర్వాత 1930ల్లో కృత్రిమ రబ్బరుకి మారారు.

"పెదవి గట్టిగా పట్టుకుంటే చుక్క కూడా బయటికి రాదుగా తాతయ్యా?" అంటోంది బుజ్జి. అందరూ అనుకునేదీ అదే తల్లీ. గట్టిగా పట్టుకుంటే రబ్బరు నిమిషాల్లో మాడిపోతుంది. నిజానికి పెదవి కొస ఇనుముని తాకే వెడల్పు కొత్తలో మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందంతే. ఆ సందులో కూడా నూనె పొర ఉంటుంది, వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఆ పొరమీదే పెదవి తేలుతుంది. మరి ఆ పొర బయటికి జారిపోదా? అక్కడుంది గమ్మత్తు. పెదవికి నూనె వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా చెక్కుతారు. యాక్సిల్ తిరుగుతుంటే రబ్బరుమీది కంటికి కనపడని గరుకు ఒక పక్కకి ఒరిగి, బయటికి రాబోయిన నూనెని మళ్ళీ లోపలికే తోస్తుంది. తిరుగుతున్న సీల్‌కి బయటివైపున నూనె పెడితే అది లోపలికి లాగేసుకోవడం ప్రయోగశాలల్లో చేసి చూశారు. అదే సీల్‌ని తిరగేసి బిగిస్తే లోపలి నూనె బయటికి తోడిపోస్తుంది! అంత చిన్న రబ్బరు ముక్క, కదిలే భాగాల్లేని తోడుడు యంత్రం. నాకిది తెలిసిన రోజున ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

అలాంటిది ఎందుకు పోతుంది? ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడుతుంది, అదొకటి. పెదవిలో దుమ్ము ఇరుక్కుంటే ఆ మెత్తని రబ్బరే ఉక్కుమీద గాడి కోస్తుంది. గోరుతో రాస్తే తగులుతుంది చూడండి. గాడి ఉంటే కొత్త సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో కూర్చోబెట్టాలి, లేదంటే యాక్సిల్‌కి పలచటి ఉక్కు తొడుగు వెయ్యాలి.

చాలామంది చూడని కారణం మాత్రం పైన ఉంటుంది. డిఫరెన్షియల్ నెత్తిన గాలి పోవడానికి బ్రీదర్ అని చిన్న గొట్టం, దానికో టోపీ. అమ్మ కుక్కర్లో పప్పు పెట్టినప్పుడు విజిల్ దారిలో పప్పు అడ్డంపడితే ఏమవుతుంది? మూత చుట్టూ ఉన్న రబ్బరు పక్కలనుంచి బుస్సుమని నురగ కక్కుతుంది. రబ్బరు పాతదైందని కొత్తది తెచ్చి వేస్తే మళ్ళీ అదే కథ, దారి శుభ్రం చేసేదాకా. ఇక్కడా అంతే. 30 డిగ్రీల దగ్గరున్న గాలి 90కి వేడెక్కితే, పోయే దారి లేకపోతే పీడనం ఐదో వంతు పెరుగుతుంది. చల్లారినప్పుడు తిరగబడి బయటి తడినీ దుమ్మునీ పెదవి కిందనుంచి లోపలికి పీలుస్తుంది. అందుకే మావాడితో, సీల్ ముట్టుకునే ముందు బ్రీదర్ టోపీ తిప్పి చూడమన్నాను. బిగుసుకుపోయి ఉంది, చుట్టూ మట్టి.

ఆ తర్వాతి పని ఓపికది. కారుని ఒక్క జాకీమీద నమ్మి కిందకి దూరకూడదు, స్టాండ్లు వెయ్యాల్సిందే. ముందు నూనె పోసే బిరడా విప్పాలి, ఆ తర్వాతే కింది బిరడా. ఎందుకంటారా? నూనె మొత్తం కార్చేశాక పై బిరడా కదలకపోతే బండి అక్కడే దిక్కులు చూస్తుంది! కింది బిరడా అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటితే కంగారు లేదు, పెంకులొస్తే మాత్రం పళ్ళు చూసుకోవాలి. యాక్సిల్ కొస లోపల చిన్న తీగ రింగుతో పట్టుకుని ఉంటుంది, రెండు పక్కలా సమానంగా మీటితే 'టక్' మని ఊడుతుంది. పాత సీల్ పెకలించేటప్పుడు అది కూర్చునే గూటికి గీత పడకూడదు. కొత్తదాని స్ప్రింగు నూనె వైపుకే ఉండాలి. పెదవికి కాస్త అదే నూనె రాసి, సరిపడా గొట్టం పెట్టి, చుట్టూ సమంగా తడుతూ దించాలి. యాక్సిల్ మళ్ళీ తోసేటప్పుడు దాని పళ్ళు పెదవిని కోసేస్తాయి, చేత్తో ఎత్తిపట్టి తిన్నగా పంపాలి. నూనె ఎంతని? తొలి మియాటాకి ముప్పావు లీటరు కూడా పట్టదు, పోసే రంధ్రం అంచునుంచి జారేదాకా పోస్తే చాలు.

ఇదంతా పక్క సీల్ సంగతి. ముందువైపు పినియన్ సీల్ కారితే కథ వేరు. దాని నట్టు విప్పితేగాని సీల్ రాదు, ఆ నట్టు ఊరికే బిగించే నట్టు కాదు. లోపలి బేరింగుల బిగువు దాని చేతిలో ఉంటుంది, మధ్యలో ఉన్న గొట్టాన్ని కొలత ప్రకారం నలుపుతూ ఆ బిగువు తెస్తారు. కాస్త ఎక్కువైతే బేరింగులు వేడెక్కి పోతాయి, తక్కువైతే పినియన్ ఊగి గేర్లు ఏడుస్తాయి. ఆ గొట్టం కొత్తది వేసి, బిగువు కొలిచే పనిముట్టు ఉన్న మెకానిక్‌కి అప్పగించమంటాను నేనైతే.