లావా చల్లారింది... వేడి ఎక్కడుంది?

గాండ్లపెంట రైతుకు బోరు బండి కొత్తకాదు. నీళ్లు పడితే పంట, పడకుంటే అప్పు! అదే బోరు నీళ్ల కోసం కాక, భూమిలోని వేడి కోసం వేస్తే? కరెంటే పండించవచ్చు. కాకపోతే... ఎక్కడ వేయాలన్నదే అసలు ప్రశ్న.

శ్రీసత్యసాయి జిల్లా కదిరి ప్రాంతంలో కనిపించే రాళ్లలో కొన్ని ఒకప్పటి లావా. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ అగ్నిపర్వతాలు నిప్పులు కక్కాయి. ఆ లావాయే గడ్డకట్టి రాయైంది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని 'కదిరి షిస్ట్ బెల్ట్' అంటారు. మరి, అగ్నిపర్వతాల నేల కాబట్టి లోపల ఇంకా సెగ ఉంటుందా? ఉండదు. అది ఎప్పుడో చల్లారిపోయింది. పైగా దక్షిణాదిలోని ఈ పాత రాతినేలలో లోతుకెళ్లినా వేడి నెమ్మదిగానే పెరుగుతుంది. ఇలాంటి నేలలోనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో దాదాపు మూడు కిలోమీటర్ల లోతున కూడా రాతి వేడి 65 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండేది. చాలాచోట్ల అంత లోతుకు వెళ్తే వంద డిగ్రీలకు చేరుతుంది.

బొగ్గు కోసం వెళ్తే...

గోదావరి లోయలో మాత్రం కథ వేరు. కోట్ల ఏళ్ల కిందట అక్కడ నేల చీలి కుంగింది. ఆ పల్లంలోనే బొగ్గు పేరుకుంది. పగుళ్ల గుండా లోతుకు దిగిన నీరు వేడెక్కి మళ్లీ పైకొస్తుంది. భద్రాచలం దగ్గరి గుండాలలో గోదావరి ఒడ్డున ఉన్న ఉష్ణగుండం అలాంటిదే. మణుగూరు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాల కోసం వేసిన బోర్లలోంచీ వేడినీళ్లు ఉబికి వచ్చాయి.

ఆ నీటితోనే సింగరేణి సంస్థ మణుగూరులో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని ఏర్పాటుచేసింది. నీరు ఆవిరయ్యేంత వేడి అక్కడ లేదు. అందుకే ఆ వేడితో, తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే మరో ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. 20 కిలోవాట్లంటే అయిదు హార్స్‌పవర్ మోటార్లు ఓ అయిదు నడుస్తాయంతే. కానీ అసలంటూ సాధ్యమేనని తేలింది కదా!

దిగితేనే తెలిసేది

పల్లెల్లో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ల జాడ చూస్తారు. వేడి జాడకు వేరే పద్ధతులున్నాయి. ఊట నీటిలో కరిగిన సిలికాను బట్టి అది లోపల ఎంత వేడిని చూసి వచ్చిందో అంచనా వేస్తారు. నేల పొరల్లో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తోందో కొలుస్తారు. తర్వాత సన్నని బోర్లు వేసి, లోతు పెరిగేకొద్దీ వేడి ఎంత పెరుగుతోందో చూస్తారు. వేడి ఒక్కటే చాలదు. నీరుండాలి, అది పారేందుకు రాతిలో పగుళ్లుండాలి. ఈ మూడూ కలిశాయో లేదో తేల్చేది లోతైన బోరే. కొత్తచోట వేసే మొదటి బావి ఫలించే అవకాశం సుమారు సగమేనని ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ 2013లో లెక్కగట్టింది.

అనుకోనివీ జరుగుతుంటాయి. ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో నాలుగున్నర కిలోమీటర్ల లోతుకు వెళ్లాలని బోరు వేస్తుంటే, 2.1 కిలోమీటర్ల దగ్గరే కరిగిన శిలాద్రవం తగిలింది!

రాత్రి కరెంటు

మనదేశంలో 381 వేడి ప్రాంతాలను జియలాజికల్ సర్వే గుర్తించింది. 10,600 మెగావాట్ల విద్యుత్తుకు అవకాశముందని అంచనా. కేంద్రం 2025 సెప్టెంబరులో దీనికోసం జాతీయ విధానాన్నీ ప్రకటించింది.

ఇంత కష్టం దేనికంటే... గాండ్లపెంటకు దగ్గర్లోని నంబులపూలకుంటలో 2016 నుంచే ఎండతో కరెంటు తీస్తున్నారు. కానీ సూర్యుడు సాయంత్రానికి సెలవు తీసుకుంటాడు. భూమిలోని వేడికి రాత్రీ పగలూ ఒకటే. కదిరి సీమకు పైనున్న ఎండే వరం. గోదావరి లోయకు కిందనున్న వేడీ తోడవుతుందా అన్నది, ఇకపై వేసే బోర్లే చెప్పాలి.