చాకీ పురుగులకు స్టేటస్, మల్బరీ నారుకు గూగుల్



పోయిన నెల గ్రూపులో ఒక అన్న అడిగిండు: "ఎస్‌ఈఓ చేస్తాం, సోషల్ మీడియా మార్కెటింగ్ చేస్తాం అని ఫోన్లు వస్తున్నయి. రెండూ ఒకటేనా? పైసలు పెట్టొచ్చా?" ఈ విషయంలో మేము ముందే దెబ్బ తిన్నవాళ్లం. అందుకే మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

మాకు రెండెకరాల వీ-1 తోట, ఒక షెడ్డు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ తీసుకుని చాకీ పురుగులు పెంచి ఇస్తాం, మల్బరీ నారు కూడా పోస్తాం. గూళ్లకు ఈ ప్రచారంతో పని లేదు. రామనగర మార్కెట్‌కు తీసుకుపోతే గూడు చూసి వేలం పాడతారు గాని మన ఫోన్‌లో ఫొటో చూసి పాడరు. చాకీకి, నారుకు మాత్రం గిరాకీని మనమే చూసుకోవాలి.

*మేము మోసపోయిన తీరు*

రెండేళ్ల కింద నారు చాలా మిగిలిపోయింది. అప్పుడే ఒకాయన వచ్చి, "వారంలో మీ నర్సరీని గూగుల్‌లో మొదటి నంబర్‌కు తెస్తా" అన్నడు. తొమ్మిది వేలు ఇచ్చినం. వారం తర్వాత వచ్చి, మా నర్సరీ పేరు కొట్టి చూపించిండు. నిజంగానే అందరికన్నా పైన మేమే ఉన్నాం! సంబరపడ్డాం. కానీ రెండు నెలలైనా ఒక్క కొత్త ఫోన్ రాలేదు.

సెలవులకు ఇంటికొచ్చిన మా పాప చూసి నవ్వింది. "నాయినా, మన పేరు తెలిసినోడే మన పేరు కొడతడు. తెలియనోడు ‘మల్బరీ మొక్కలు’ అని కొడతడు. అట్ల కొట్టి చూడు" అన్నది. కొట్టి చూస్తే ఎంత కిందికి పోయినా మా ఊసే లేదు. అప్పటికి మళ్లలో నారు ముదిరి వేర్లు ఒకదానికొకటి అల్లుకున్నాయి. కొంత సగం ధరకు ఇచ్చినం, మిగిలింది పీకి గట్టు మీద పారేసినం. పోయిన పైసలకన్నా ఆ నారును చూస్తేనే ఎక్కువ బాధయింది.

*రెండింటికీ తేడా ఏమిటి?*

గూగుల్ వెబ్ పేజీలను ముందే చదివి, ఏ మాట ఎక్కడ ఉందో జాబితా రాసి పెట్టుకుంటుంది. ఎవరైనా ఒక మాట కొట్టగానే దానికి సరిపోయే పేజీలను ఏరి వరుసగా చూపిస్తుంది. అట్లా వెతికేవాళ్లకు మన పేజీ దొరికేలా సరైన మాటలు, ఊరి పేరు, ఫొటోలు, ఉపయోగపడే సమాచారం పెట్టుకోవడమే ఎస్‌ఈఓ. ఈ వరుసలో చోటుకు గూగుల్‌కు పైసా కట్టేది లేదు. పైసలు కట్టినవాటి మీద "స్పాన్సర్డ్" అని ఉంటుంది. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది. ఇది తోట నాటినట్టు. ఫలితానికి నెలలు పడుతుంది, నిలదొక్కుకుంటే చాలాకాలం ఆకు కోసుకోవచ్చు.

సోషల్ మీడియా అట్లా కాదు. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో జనం మనల్ని వెతకరు, మనమే వాళ్ల కళ్ల ముందుకు పోతాం. ఇది కోసిన ఆకు లాంటిది. తాజాగా ఉన్నంతసేపే విలువ. వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది. అది కూడా మన నంబర్ వాళ్ల దగ్గర, వాళ్ల నంబర్ మన దగ్గర సేవ్ అయి ఉంటేనే కనబడుతుంది.

*ఏది దేనికి?*

పోయిన వానాకాలం మా దగ్గర 300 గుడ్ల చాకీ బుక్ చేసిన రైతు ఆఖరి రోజు వద్దన్నడు. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి వచ్చి ఆయన తోట మీద పడ్డది. ఆయన తప్పేమీ లేదు. కానీ పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. తెల్లారి లేస్తే ఆకు అడుగుతాయి, వాటన్నిటికీ సరిపోయే ఆకు మా దగ్గర లేదు. సాయంత్రం ఐదుకు స్టేటస్ పెట్టి, గ్రూపులో కూడా రాసినం. తొమ్మిది లోపల భాల్కి వైపు ఒకరు, ఉద్గీర్ వైపు ఒకరు పంచుకుని తీసుకున్నారు. ఆ రాత్రి గూగుల్‌ను నమ్ముకుంటే మొత్తం గుంటలో పోసేవాళ్లం.

నారు సంగతి వేరే. తోట పెట్టే రైతు నారును ఏటా కొనడు, ఎప్పుడో ఒకసారి కొంటాడు. ఆ రోజు ఫోన్‌లో వెతుకుతాడు. అప్పుడు మనం కనబడాలి. అందుకే పాప చెప్పినట్టు గూగుల్ మ్యాప్‌లో మా నర్సరీ వివరాలు పెట్టినం, అది ఉచితమే. మన దగ్గర నాలుగు భాషల జనం ఉంటారు. కన్నడం వాళ్లు హిప్పునేరళె అని, మరాఠీ వాళ్లు తుతి అని, ఉర్దూ వాళ్లు షహతూత్ అని వెతుకుతారు. మల్బరీతో పాటు ఈ మాటలన్నీ వాళ్ల వాళ్ల లిపిలో పెట్టినం. అందరూ ఫోన్‌లో అడిగే ప్రశ్నకు జవాబు కూడా రాసినం: ఎకరాకు 3×3 అడుగుల దూరంలో 4,840 మొక్కలు, జోడు సాళ్లలో (5+3)×2 అడుగులైతే 5,445 మొక్కలు. నాలుగు నెలల తర్వాత నారాయణఖేడ్ వైపు నుంచి ముఖం తెలియని రైతు ఫోన్ చేసిండు. ఈ ఏడు నారు మిగల్లేదు.

*పైసలు ఇచ్చే ముందు*

1. ఏ మాట కొడితే మనం కనబడతామో ముందే అడగండి. మన ఊరి వాళ్ల ఫోన్‌లో కాదు, దూరపు చుట్టాల ఫోన్‌లో కొట్టించి చూడండి.
2. అకౌంట్, పాస్‌వర్డ్ మన పేరు మీదే ఉండాలి.
3. "వారంలో మొదటి నంబర్" అన్నవాళ్లకు చాయ్ తాగించి పంపండి.
4. స్టేటస్‌లో తేదీ, ఎన్ని గుడ్ల పురుగులు, ఏ జ్వరం అన్నది నిజంగా రాయండి. ఒక్కసారి అబద్ధం తేలితే మళ్లీ మన స్టేటస్ ఎవరూ తెరవరు.

అన్నా, నీ ప్రశ్నకు మా జవాబు ఇదే: రెండూ ఒకటి కావు. రేపటికి ఆగని సరుకు ఉంటే తెలిసినవాళ్లకు చెప్పు. ఆగే సరుకు ఉంటే తెలియనివాళ్లకు దొరికేలా పెట్టు. మీ అనుభవాలు కూడా గ్రూపులో రాయండి. మా తొమ్మిది వేలు ఎట్లాగూ పోయినయి, మీవి మిగిలితే చాలు.