కారుకు మేత ఎక్కడ?
విద్యుత్ కారు కొనడం ఒక ఎత్తు, దానికి మేత పెట్టడం మరొక ఎత్తు. గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పది గంటలు. రాత్రి తగిలిస్తే తెల్లవారేసరికి సిద్ధం. బయటి స్టేషనులో గంటలోనే చాలా భాగం నిండుతుంది గాని, 80 శాతం దాటాక మందగిస్తుంది, ధరా హెచ్చే.

చిక్కంతా అపార్టుమెంటువారికి. వాచ్‌మన్ గది ప్లగ్గుకు తగిలిస్తే ఆ ఖర్చు అందరి లెక్కలో పడుతుంది. సంఘంవారు కాదనడం న్యాయమే. కాని మన మీటరు నుంచే విడిగా, ఎర్తుతో సహా, తీగ లాగించుకుంటామన్నా వద్దంటే? ఉన్న కనెక్షనుతోనే ఇంటివద్ద చార్జి చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలలో చెప్పింది. ఆ కాగితం పట్టుకుని సంఘం సమావేశానికి వెళ్ళండి.