దాగిన కోరపన్ను ఎక్కడ?

పదమూడేళ్లు వచ్చినా పైదవడలో ఒక పక్క కోరపన్ను రాలేదనుకోండి. దంతవైద్యుడు ఎక్స్‌రే తీస్తాడు. పన్ను ఉంది! ఎముకలో ఏటవాలుగా ఇరుక్కుని, పక్కపన్ను వేరును ఆనుకుని కనిపిస్తోంది. అలాగే వదిలేస్తే ఒక్కొక్కసారి ఆ వేరు అరిగిపోతుంది. చిగురు కోసి, దాగిన పన్నుకు దారి చెయ్యాలి. కాని ఎటువైపు కొయ్యాలి? పెదవి వైపా, అంగిలి వైపా? పొరపాటున రెండోవైపు కోస్తే మంచి ఎముక వృథాగా పోతుంది, పక్క వేరుకు దెబ్బ తగలవచ్చు.

ఈ ప్రశ్నకు ఒక్క ఎక్స్‌రే జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఎక్స్‌రే బొమ్మ ఒక నీడ మాత్రమే. నీడకు పొడవు, వెడల్పు ఉంటాయి గాని లోతు ఉండదు. మరి లోతు తెలిసేదెలా?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. రాత్రిపూట గోడకు ఎదురుగా దీపం పెట్టండి. మధ్యలో రెండు పెన్సిళ్లు నిలువుగా పట్టుకోండి. ఒకటి గోడకు దగ్గరగా, రెండోది కాస్త దీపం వైపు ఉండాలి. రెండు నీడలూ ఒకదానిపై ఒకటి పడేటట్లు సర్దండి. ఇప్పుడు మీ మిత్రుణ్ణి దీపాన్ని కొంచెం కుడికి జరపమనండి. నీడలు రెండూ ఎడమకే కదులుతాయి. అయితే గోడకు దూరంగా ఉన్న పెన్సిలు నీడ ఎక్కువ కదులుతుంది, దగ్గరున్న దాని నీడ తక్కువ కదులుతుంది. అందుచేత దగ్గరి పెన్సిలు నీడ రెండోదానికి కుడిపక్కన, అంటే దీపం జరిగిన వైపున నిలుస్తుంది.

ఈ సూత్రాన్ని పళ్లకు ఉపయోగించే పద్ధతిని 1910లో క్లార్క్ ఇంగ్లండులో ప్రకటించాడు. ఇక్కడ దీపం ఎక్స్‌రే గొట్టం. అది నోటి బయట ఉంటుంది. గోడ ఫిల్మ్, అది నోటిలో, పళ్ల వెనుక ఉంటుంది. గొట్టాన్ని కాస్త జరిపి రెండో బొమ్మ తీస్తారు. పక్కపన్ను వేరుతో పోల్చి చూస్తారు. దాగిన పన్ను నీడ గొట్టం జరిగిన వైపే జరిగితే అది అంగిలి వైపు ఉన్నట్లు. ఎదురు దిక్కుకు జరిగితే పెదవి వైపు ఉన్నట్లు. రెండు బొమ్మల్లోనూ తేడా లేకపోతే పళ్ల వరుసలోనే ఉన్నట్లు.

కిందిదవడకు మరో ఉపాయం ఉంది. సుమారు 57 మిల్లీమీటర్ల వెడల్పు, 76 మిల్లీమీటర్ల పొడవు గల ఫిల్మ్‌ను బిస్కెట్టులా పళ్ల మధ్య కరిచి పట్టుకోమంటారు. గడ్డం కిందనుంచి నిటారుగా కిరణాలు పంపుతారు. పక్కనుంచి తీసిన బొమ్మ ఇంటి ముందుగోడ చిత్రం వంటిది. ఇది ఇంటి ప్లాను వంటిది. రెండూ కలిపి చూస్తే పన్ను నాలుక వైపు ఉందో, బుగ్గ వైపు ఉందో తేలిపోతుంది. నాలుక కింద లాలాజల నాళంలో రాయి అడ్డుపడినా ఇందులో చాలావరకు కనిపిస్తుంది.

ఇప్పుడు దవడను మూడు కొలతల్లో చూపే స్కానింగ్ యంత్రాలు వచ్చాయి. కాని వాటిలో శరీరానికి తగిలే కిరణాలు సాధారణంగా ఈ చిన్న బొమ్మలకంటే ఎక్కువ. అందుకే రెండు నీడలతో తేలే చోట వాటి జోలికి పోనక్కరలేదు.

పై కోరపళ్లు సాధారణంగా పదకొండు, పన్నెండేళ్లకు వస్తాయి. అద్దంలో ఒకసారి చూసుకోండి. ఒక పక్క వచ్చి చాలాకాలమైనా రెండో పక్క రాకుంటే దంతవైద్యుడికి చూపించండి.