షేరు బ్రోకరు: దళారీయా, వర్తకుడా?

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి రైతు తరఫున సరుకు అమ్మిపెట్టి కమీషన్ పుచ్చుకుంటాడు. అదే వ్యాపారి ఆ బస్తాలను సొంత ఖాతాకు కొంటే అతడు రైతు తరఫు మనిషి కాడు, బేరంలో అవతలి పక్షం. ధర ఎంత తగ్గితే అతడికి అంత మిగులు. ఈ తేడాను యార్డులో తిరిగేవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వాటాల బజారులో మాత్రం ఇదే తేడా చాలామంది ఖాతాదారుల కంటికి ఆనదు. అక్కడ ఈ రెండు పనులనూ ఒకే సంస్థ, ఒకే బోర్డు కింద చేయవచ్చు.

అమెరికాలో 1934 నాటి సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజి చట్టం ఈ ఇద్దరినీ వేర్వేరుగా నిర్వచించింది. ఇతరుల ఖాతాకు బేరాలు జరిపించేవాడు బ్రోకరు. తన ఖాతాకు కొని అమ్మేవాడు డీలరు. పెద్ద సంస్థలు రెండూ చేస్తాయి కనుక ‘బ్రోకర్ డీలర్’ అనే జంట పేరు స్థిరపడింది. లండన్ బజారు మాత్రం చాలాకాలం ఇద్దరి మధ్య గోడ నిలిపింది. అక్కడ బ్రోకరు ఖాతాదారు ఆర్డరు పట్టుకుని జాబరు వద్దకు వెళ్లేవాడు. వచ్చినవాడు కొంటాడో అమ్ముతాడో తెలియకుండానే జాబరు కొనుగోలు ధర, అమ్మకం ధర రెండూ చెప్పాలి. జాబరు నేరుగా ప్రజలతో బేరమాడరాదు, బ్రోకరు సొంతానికి జాబరు పని చేయరాదు. 1986 అక్టోబరు 27న ఆ గోడ పడిపోయింది.

బొంబాయిలో అలాంటి గోడ ఎన్నడూ గట్టిగా లేదు. 1875లో దళారుల సంఘంగా ఏర్పడిన ఆ ఎక్స్ఛేంజిలో రెండు ధరలు చెప్పి నిలబడే జాబర్లను ‘తారావనీవాలా’ అనేవారు. రెండు ధరల మధ్య పైసలే వారి బతుకుతెరువు. ఖాతాదారుల పని చేసే బ్రోకర్లు కూడా పక్కనే సొంత బేరాలు చేసుకునేవారు.

సొంత బేరం చేసేవాడిని వెంటనే దోషిగా చూడటం సరికాదు. రోజుకు నాలుగు బేరాలు కూడా పడని చిన్న కంపెనీ వాటాలను అమ్ముకోదలచినవాడికి, ఆ క్షణాన కొనే మరో మదుపరి ఎదురుగా ఉండడు. సరుకు పట్టి, నాలుగు రోజులు మోసి, నష్టభయం నెత్తిన వేసుకునే వర్తకుడు ఉంటేనే బజారు కదులుతుంది. ఆ భయానికి ప్రతిఫలమే అతడి తేడా. చిక్కల్లా ఎక్కడంటే, ఖాతాదారు వద్ద దళారీగా బ్రోకరేజీ తీసుకుంటూ, చాటుగా వర్తకుడిగా తేడా కూడా మిగుల్చుకోవటంలో. ఉదాహరణకు ఖాతాదారు నూరు వాటాలు కొనమన్నాడు, బజారు ధర 250 రూపాయలు. బ్రోకరు బజారులో కొనకుండా, తాను 244కు కొని ఉంచుకున్న వాటాలనే 250కి అంటగట్టి పైన బ్రోకరేజీ వేశాడు. ఖాతాదారు చెల్లించింది బజారు ధరే. కాని ఆ రోజు కొనుగోలు మంచిదని తనకు సలహా చెప్పినవాడు అమ్మకందారేనన్న సంగతి అతడికి తెలియదు.

1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టం 15వ సెక్షన్ ఉద్దేశించింది దీనినే. ఎక్స్ఛేంజి సభ్యుడు తోటి సభ్యుడితో కాక బయటివారితో సొంత ఖాతా బేరం చేయాలంటే వారి సమ్మతి ఉండాలి, ఆ సంగతి కాంట్రాక్టు పత్రంలో రాయాలి. నోటిమాటగా సమ్మతి పొందితే మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా ఖాయపరచుకోవాలి. చట్టం ఉన్నా, గోదాలో అరుపులతో బేరాలు సాగిన రోజుల్లో రుజువు దొరకటం కష్టం. ఉదయం నుంచి సాయంత్రం దాకా నడిచిన ధరల్లో ఖాతాదారుకు ఏ ధర వేశారన్నది బ్రోకరు మాటే. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి, 1995లో బొంబాయి ఎక్స్ఛేంజి తెరల మీద వ్యాపారం మొదలుపెట్టాక ఆ మసక తొలగింది. ఇప్పుడు కాంట్రాక్టు నోటులో ఆర్డరు పడిన సమయం, బేరం కుదిరిన సమయం, ధర, బ్రోకరేజీ వేర్వేరుగా ఉంటాయి. 24 గంటల్లో అది ఖాతాదారుకు చేరాలి. తెలంగాణ మార్కెట్లలో రైతుకిచ్చే తక్‌పట్టీ లాంటిదే ఇది. తక్‌పట్టీ చదవకుండా జేబులో పెట్టుకునే రైతు అరుదు. కాంట్రాక్టు నోటు తెరవని ఖాతాదారులు మాత్రం కోకొల్లలు.

ధర విషయంలో మసక తొలగింది గాని, సరుకు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మిగిలింది. 1992లో బయటపడిన కుంభకోణంలో బ్యాంకుల మధ్య ప్రభుత్వ సెక్యూరిటీల బేరాలు నడిపిన దళారుల ఖాతాల్లోకే సొమ్ము చేరింది. మధ్యవర్తి గుండా ధన ప్రవాహం సాగితే బ్యాంకులకే దిక్కులేకపోయింది. ఇక చిల్లర మదుపరి సంగతి చెప్పేదేమున్నది!

1996లో డిపాజిటరీలు వచ్చి వాటాలు కాగితం వదలి డీమాట్ ఖాతాలకెక్కాయి. ఖాతా యజమాని పేరునే ఉన్నా, అమ్మకం సులువవుతుందని చాలామంది బ్రోకరుకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. శీతల గిడ్డంగి బాండును కమీషన్ వ్యాపారి వద్ద ఉంచటం వంటిదే ఇది. దాని ఫలితం హైదరాబాదులోనే కనిపించింది. 2019 నవంబరు 22న కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థపై సెబీ ఉత్తర్వు జారీ చేసింది. ఖాతాదారుల వాటాలను తాకట్టు పెట్టి ఆ సంస్థ అప్పులు తెచ్చిందన్నది అభియోగం. డిసెంబరు తొలివారంలో 80 వేల మందికి పైగా ఖాతాదారులకు వాటాలు తిరిగి జమ అయ్యాయి. తమ హామీ పోయిందంటూ అప్పిచ్చిన బ్యాంకులు ట్రిబ్యునలుకు ఎక్కాయి. 2023 ఏప్రిల్‌లో సెబీ ఆ సంస్థను ఏడేళ్లపాటు బజారు నుంచి నిషేధించింది.

ఆ దెబ్బతో పద్ధతులు మారాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం వాటాలు బ్రోకరు ఖాతాకు మారవు. ఖాతాదారు ఖాతాలోనే ఉండి, అతడు స్వయంగా ధ్రువపరిస్తేనే తాకట్టు పడతాయి. 2023 జనవరి నుంచి అన్ని వాటాల బేరాలకూ మరుసటి పనిదినానే చెల్లింపు. సొమ్ము, సరుకు బ్రోకరు చేతిలో నిలిచే కాలం ఆ మేరకు తగ్గింది.

సరుకుల వర్తకులకు కూడా ఇది దూరపు సంగతి కాదు. 2015 సెప్టెంబరు 28న ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ సెబీలో విలీనమైంది. నిజామాబాదు పసుపుకు వాయిదా బేరం వేసే వ్యాపారి బ్రోకరు కూడా అదే సెబీ అదుపులో ఉంటాడు. అతడు సొంత బేరాలు చేస్తాడో లేదో ఖాతా తెరిచే నాడే ఖాతాదారుకు చెప్పి తీరాలి. నెలకో, మూడు నెలలకో ఖాతాలో మిగులు సొమ్ము తిరిగి ఇచ్చేయాలి. ఆ సొమ్మును వదిలేసి వడ్డీకి తిప్పమనే వర్తకులు కొందరున్నారు. బ్రోకరు దివాలా తీస్తే ఎక్స్ఛేంజి రక్షణ నిధి నుంచి ఒక పరిమితి మేరకు పరిహారం దొరుకుతుంది. కాని అది ఎక్స్ఛేంజిలో జరిగిన బేరాలకే. బ్రోకరుకు వడ్డీకిచ్చిన అప్పు, హామీ రాబడి పేరుతో అప్పగించిన సొమ్ము ఆ నిధి కిందికి రావు.